తాళి కట్టే చెయ్యి ఆపొచ్చా?

ఫోటో కోసం పెళ్ళిని ఒక్క క్షణం ఆపవచ్చా అన్న ప్రశ్న మన పందిళ్ళలో ఎవరూ అడగరు. అడగకుండానే ఆపుతున్నాం. అనుమసముద్రంపేటలో ఒక మామ, ఆయన మేనకోడలు మాత్రం దీని మీద పట్టుబట్టి వాదించుకున్నారు. మామకు దర్గాకు పోయే దారిలో స్టూడియో ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, మర్రిపాడు వైపు పల్లెల్లో తల్లుల పెళ్ళిళ్ళు తీసినవాడు, ఇప్పుడు వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. మేనకోడలు నెల్లూరులో చదువు ముగించుకుని వచ్చింది. మామ వెంట లైటు పట్టుకుని తిరిగింది గాని సొంతంగా పెళ్ళి ఒప్పుకోవడం ఇదే మొదలు. ముహూర్తం వైశాఖంలో. వాళ్ళ పేర్లు రాయను, మాటలు రాస్తాను. ఎవరి మాట నాకు సబబనిపించిందో దాచుకోను.

మేనకోడలు: ముహూర్తం తెల్లవారుజామున మామా, నాలుగు దాటినాక. పందిరి ఇంటి ముందరే. నా కెమెరా కాక ఇంకోటి నెల్లూరులో అద్దెకు మాట్లాడినా. బ్యాటరీలు, కార్డులు, ఫ్లాషు అన్నీ సర్దుకున్నా. నిన్ను అడగాల్సింది ఒకటే. తాళి కట్టేటప్పుడు యాడ నిలబడాల?

మామ: యాడన్నా నిలబడు. "బాబూ, అట్టే ఉండు, ఇటు చూడు" అని గట్టిగా చెప్పడం వస్తే చాలు.

మేనకోడలు: అదే నేను చెయ్యను.

మామ: చెయ్యకపోతే తాళి ఫోటో రాదమ్మణ్ణీ. పెళ్ళికొడుకు ముందుకు వంగుతాడు, వాడి భుజం అడ్డం. ఆడపడుచు వెనక నిలబడి జడ పైకెత్తి పట్టుకుంటుంది, ఆమె చెయ్యి అడ్డం. వీడియో ఆయన నీకంటే ముందే వచ్చి మోకాళ్ళ మీద కూర్చోనుంటాడు. గట్టిమేళం అందుకోగానే జనమంతా లేచి అక్షింతలు విసురుతారు. మూడు ముళ్ళు పడడానికి ఎంతసేపు? ఆ లోపల నీకు దొరికేది ఒక మోచెయ్యి, ఒక వీపు. అందుకే మూడో ముడి దగ్గర ఆపుతాం. వేళ్ళు సూత్రం మీదే ఉంచమంటాం. ఇద్దరి ముఖాలూ ఇటు తిప్పిస్తాం. ఆల్బంలో పేజీ నిండా వేసేది ఆ ఫోటోనే కదా.

మేనకోడలు: ఆ ఫోటోలో అతను తాళి కట్టడం లేదు మామా, కట్టినట్టు నిలబడి ఉండాడు. ఏ ఇంట్లో ఆల్బం తీసినా అదే ఫోటో. ఆమె కళ్ళు నీ వైపు, అతని కళ్ళు నీ వైపు. ఆ పొద్దు వాళ్ళు చూడాల్సింది నిన్నా?

మామ: నేను పని నేర్చుకున్న కాలం నీకు తెలవదు. 120 రోలు, యాషికా కెమెరా. రోలుకు పన్నెండు ఫోటోలు. ఫ్లాషు ఒకసారి వెలిగితే మళ్ళీ ఛార్జి ఎక్కేదాకా ఆగాల. పెళ్ళి మొత్తానికి మూడు నాలుగు రోళ్ళు ఇచ్చేవాళ్ళు, అంతే. కళ్ళు మూసుకున్నారేమో అప్పటికప్పుడు చూసుకునే వీలు యాడిది? కడిగితే గాని తెలవదు. ఆగమని చెప్పింది పెద్దరికం కోసం కాదు, పెళ్ళివాళ్ళ డబ్బు వృథా కాకూడదని.

మేనకోడలు: ఆ కాలానికి నువ్వు చేసింది సరే, కాదనను. ఇప్పుడు నా కార్డులో వేల ఫోటోలు పడతాయి. రోళ్ళు పోయినాయి గాని రోళ్ళనాటి అలవాటు పోలేదు. వెనక కూర్చున్న వాళ్ళ సంగతి ఎప్పుడన్నా చూసినావా? తాళి కట్టేటప్పుడు వాళ్ళకు కనపడేది మన వీపులే. ఆ పిల్లను ఎత్తుకుని పెంచిన ముసలామె పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, మన సందుల్లోంచి తొంగి చూస్తా ఉంటుంది. ఫోటో అందరికీ ఉండాదిలే అంటాం. ఆమె వచ్చింది ఫోటో కోసం కాదు.

మామ: ఆ ముసలామె ఫోటో ఎవరు తీస్తారు? ఆ మాటకు తర్వాత వస్తా. నువ్వు చెప్పు, ఆపకుండా ఎట్టా తీస్తావో.

మేనకోడలు: కదలకుండా నిలబెట్టడం ఫోటో పుట్టినప్పటి నుంచీ ఉండాది. విక్టోరియా రాణి పెళ్ళి 1840లో. డాగెరోటైపు అనే తొలినాటి ఫోటో పద్ధతి వివరాలు లోకానికి తెలిసి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఆ పెళ్ళికి ఫోటో లేదు. 1858లో ఆమె పెద్దకూతురి పెళ్ళిరోజున ఫోటో తీశారు. తల్లి, తండ్రి, పెళ్ళికూతురు నిలబడ్డారు. రాణి కదిలింది, ఆమె ముఖం మసకగా పడింది. ఒళ్ళు వణకడం వల్లే అట్టా వచ్చిందని ఆమే డైరీలో రాసుకుంది. నాకు ఆ మసకే ఇష్టం మామా. పదిహేడేళ్ళ కూతుర్ని పరాయి దేశానికి పంపే తల్లి కదలకుండా ఎట్టా ఉంటుంది?

మామ: ఆమె రాణి. ఒకటి మసకగా వస్తే ఇంకో వెయ్యి బొమ్మలు ఉండాయి ఆమెకు. మన దగ్గర ఒక తల్లికి బతుకంతటికీ ఉండేది ఆ ఒక్క ఫోటో. అది మసకగా వస్తే నీకు ఇష్టమని చెప్పి చేతిలో పెడతావా?

మేనకోడలు: పెట్టను. అందుకే ముందే పురోహితుడి ఇంటికి పోయి అడిగి వచ్చినా. ఏది ఎప్పుడు చేయిస్తాడో, ఏ పక్కన కూర్చోబెడతాడో రాసుకున్నా.

మామ: అయితే చెప్పు. శుభలేఖలో వేసిన టైము దేనికి?

మేనకోడలు: జీలకర్ర బెల్లానికి.

మామ: బాగుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఆ టైము తాళికి అనుకుంటారు. తాళి కదా అని లెన్సు మార్చుకుంటా కూర్చుంటారు, అసలు ముహూర్తం దాటిపోతుంది. అప్పుడు యాడ ఉంటావు?

మేనకోడలు: తెర కొస దగ్గర. ఎదురుగా నిలబడితే ఒకళ్ళ వీపే కనపడుతుంది. తెర ఎటు పొడుగుంటే అటు చివర నిలబడితే ఇద్దరూ రెండు పక్కలా దొరుకుతారు, మధ్యలో తెర గీతలా ఉంటుంది. ఆ కొస పట్టుకునేది పెళ్ళికూతురి అన్న. ముందురోజే అతనితో మాట్లాడతా, నా వైపు జానెడు దించి పట్టమని.

మామ: అది ఆపడం కాదా? తెర నీ ఇష్టం వచ్చినట్టు పట్టించడం మాత్రం న్యాయమా?

మేనకోడలు: ముందురోజు అడిగితే అది సాయం. ముహూర్తంలో అరిస్తే అధికారం. ఆ పొద్దు నేను నోరు తెరవను. నాకు కావాల్సింది అక్కడ జరిగేదే. తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద. అతని చెయ్యి తెర మీదుగా వచ్చి ఆమె నడినెత్తి కోసం తడుముకుంటుంది, పాపిడి బిళ్ళ అడ్డం వస్తుంది. ఆమె చెయ్యి అతని నెత్తికి అందక పీట మీదనుంచి కొంచెం లేస్తుంది. బెల్లం కరిగి వేళ్ళ సందుల్లోంచి చెవి పక్కకు జారుతుంది. తెర ఇంకా తియ్యలేదు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళకు తెలవదు, నెత్తి మీద చెయ్యి బరువొక్కటే తెలుస్తుంది. "ఇటు చూడండి" అన్నామా, ఇందులో ఒక్కటీ మిగలదు.

మామ చాలాసేపు ఏమీ అనలేదు. ఇన్నేళ్ళు ఆ తెర పక్కనే నిలబడి తీసినవాడికి ఆ వర్ణన కొత్త కాదు, కాని ఆ పని చేయబోయే పిల్ల నోట వినడం కొత్తే. కార్డులు, లెన్సులు లెక్కపెట్టుకోవడం కంటే ఈ తడుముకునే చెయ్యి సంగతి ముందే తెలిసి ఉండడం పెద్ద తయారీ అని నా నమ్మకం. తర్వాత ఆయన తాళి దగ్గరికే వచ్చాడు.

మామ: సరే, మరి తాళికి?

మేనకోడలు: ఆమె భుజం వెనకనుంచి, ఏటవాలుగా. ఒక పీట వేసుకుని కొంచెం ఎత్తులో. ముళ్ళు పడేది మెడ వెనక. మెడ మీద వేళ్ళు కనపడతాయి, దించిన తల కనపడుతుంది. నా స్నేహితురాలు రెండో కెమెరాతో ముందు వైపు, కింద కూర్చోనుంటుంది. వీడియో ఆయనకు కూడా ఫోను చేసి చెప్పినా, ఆయన ఏ పక్క ఉంటే నేను రెండో పక్క.

మామ: వీడియో ఆయనతో ముందే మాట్లాడుకోవడం మంచి పని. పందిట్లో సగం కొట్లాటలు మా ఇద్దరి మధ్యే జరుగుతాయి. కాని ముఖాలు లేని తాళి ఫోటో ఏం చేసుకుంటారు? 2002లో పెళ్ళిళ్ళ నమోదు తప్పనిసరి అని మన రాష్ట్రంలో చట్టం వచ్చినాక, రిజిస్ట్రేషనుకు శుభలేఖతో పాటు పెళ్ళి ఫోటో పెట్టమంటుండారు. వీసాకు అడుగుతుండారు. ఆ ఫోటోలో ఇద్దరి ముఖాలూ తేటగా ఉండాల. నీ మెడ మీద వేళ్ళు ఆఫీసులో పనికిరావు.

మేనకోడలు: ఆఫీసుకు కావాల్సింది బ్రహ్మముడితో ఇద్దరూ పక్కపక్కన ఉన్నప్పుడు తీసి ఇస్తా. నిలబెట్టి, నవ్వమని చెప్పి తీస్తా. అది కర్మ నడుస్తున్నప్పుడు కాదు కదా.

మామ: నిలబెట్టడం నీకూ వచ్చన్నమాట. పెళ్ళికూతురు ఉదయగిరి దుర్గం మీద ప్రీ వెడ్డింగ్ కావాలంది, నువ్వు సరేనన్నావు. ఆ కోట కొండ ఎక్కించి, పట్టుచీర కట్టించి, అటు నడువు, ఇటు తిరుగు, వాడి భుజం మీద తల పెట్టు అని నువ్వే చెబుతావు. దుర్గం మీద ఆపితే కళ, పందిట్లో ఆపితే తప్పా?

మేనకోడలు: దుర్గం మీద పెళ్ళి జరగడం లేదు మామా. అక్కడ వాళ్ళు ఫోటోకే వస్తుండారు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర గెలిచిన కోట అది, గోడలు ఇంకా ఉండాయి. పొద్దున్నే ఎక్కి ఎండ ముదిరేలోపు దిగేస్తాం. అక్కడ ఎన్నిసార్లు ఆపినా ఎవరి పెళ్ళీ ఆగదు. పందిట్లో ఆగేది పెళ్ళి. రెండూ ఒకటెట్టా అవుతాయి?

ఈ జవాబు నాకు నచ్చింది. ఫోటో కోసం నటించడం తప్పు కాదు, చాలామందికి అది సంతోషం కూడా. తేడా అంతా ఎప్పుడు, ఎక్కడ అన్నదానిలో ఉంది. మామ దీన్ని ఒప్పుకోలేదు. పెంచలకోనలో మంచి ముహూర్తాలకు పక్కపక్కనే పెళ్ళిళ్ళు జరుగుతుంటే, ఒక జంటను ఆగమనే సరికి పక్క జంట మేళం మొదలవుతుందని, అయినా తీయక తప్పలేదని చెప్పుకొచ్చాడు. ఆ తర్వాత మాట వెలుతురు మీదికి మళ్ళింది. ఇందులో వాదన తక్కువ, పాఠం ఎక్కువ. మొదటి పెళ్ళికి పోయేవాళ్ళెవరికైనా పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను.

మామ: తాటాకు పందిరికి లోపల గుడ్డ కడతారు కదా, ఏ రంగు?

మేనకోడలు: గులాబీ, పసుపు కలిపి. చూసి వచ్చినా.

మామ: అయితే ఫ్లాషు పైకి తిప్పి కొట్టాలనుకోవద్దు. తెల్లగోడల హాల్లో అది బాగుంటుంది. ఇక్కడ పైన ఉండేది గులాబీ గుడ్డ, వెలుతురు ఆ రంగు పూసుకుని కిందికి దిగుతుంది. అందరూ గులాబీ ముఖాలతో వస్తారు, తర్వాత కంప్యూటర్లో ఎంత గుంజినా పోదు. ఫ్లాషుకు తెల్ల కార్డు కట్టి ముందుకే తిప్పు, తగ్గించి వెయ్యి.

మేనకోడలు: ఎల్‌ఈడీ సీరియల్ లైట్ల సంగతి?

మామ: మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, చవక ఎల్‌ఈడీ సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలవదు, కెమెరాకు తెలుస్తుంది. షట్టరు మరీ వేగంగా పెడితే ఫోటోలో అడ్డంగా నల్లచారలు పడతాయి. వందో వంతులో ఉంచు. తలంబ్రాలు పోసుకునేటప్పుడు మాత్రం ఆ వేగానికి బియ్యం గీతలుగా సాగుతాయి, అక్కడ ఫ్లాషే ఆదుకుంటుంది. గింజ గింజా గాల్లో నిలబడుతుంది. ముందురోజు రాత్రి లైట్లన్నీ వేయించి, ఎవరినన్నా పీట మీద కూర్చోబెట్టి తీసి చూసుకో.

మేనకోడలు: మధుపర్కాల గురించి నేనే చెబుతా విను. తెల్లబట్ట ఎక్కువుంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. బట్ట బూడిదరంగుకు దిగుతుంది, ముఖాలు నల్లబడతాయి. అందుకని కొంచెం పెంచి తియ్యాల. మరీ పెంచితే ఆ నేత, ఎర్ర అంచు, పసుపు రాసిన మరక అన్నీ తెల్లగా ఎగిరిపోతాయి. ముఖం చూసి పెంచాల, అంచు చూసి ఆపాల.

మామ: అంత అవస్థ ఎందుకు, ఫోటోషాపులో ముఖం తెలుపు చేస్తే పోతుంది. అందరూ అడిగేదే అది.

మేనకోడలు: చెయ్యను మామా.

మామ: నువ్వు చెయ్యకపోతే ఆత్మకూరులో ఇంకో ఆయన చేస్తాడు. పెళ్ళికూతురి తల్లే అడుగుతుంది, "కొంచెం తెల్లగా రానియ్యి నాయనా" అని. ఇన్నేళ్ళు చేసినా. వాళ్ళ సంతోషం కోసం చేసినా.

మేనకోడలు: నువ్వు తెల్లగా చేసిన ప్రతి ఫోటో ఆ పిల్లకు ఒక మాట చెప్పింది, నీ రంగు పెళ్ళికి పనికిరాదు అని. గోడ మీద ఫ్రేము కట్టి రోజూ చెప్పింది. వెలుతురు సరిగ్గా పడితే చామనఛాయ ఎంత బాగుంటుందో నేను తీసి చూపిస్తా. నచ్చకపోతే డబ్బు ఇవ్వొద్దని చెబుతా. రంగు మాత్రం మార్చను.

ఈ ఒక్క విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. మేనకోడలు చెప్పిందే న్యాయం. మన పల్లెల్లో నల్లని పిల్లలకు పుట్టినప్పటి నుంచీ వినపడే మాటకు ఫోటోగ్రాఫరు కూడా గొంతు కలపనక్కరలేదు. అయితే తర్వాత మామ మాట్లాడినది విన్నాక, ఆయన వైపు కూడా అంతే బలమైన న్యాయం ఒకటి ఉందని ఒప్పుకోక తప్పలేదు.

మామ: ఇప్పుడు ఆ ముసలామె మాట చెబుతా. నువ్వు ఎవరినీ పిలవను, ఎవరినీ ఆపను, జరిగేది జరిగినట్టు తీస్తానంటుండావు. అట్టా తీస్తే నీ కెమెరా ఎవరి మీదికి పోతుంది? బాగా నవ్వే వాళ్ళ మీదికి, మంచి చీర కట్టిన వాళ్ళ మీదికి, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళ మీదికి. ముందుకొచ్చే వాళ్ళే దొరుకుతారు నీకు. ప్రతి పెళ్ళింట్లో ఒక పెద్దమ్మో మేనత్తో ఉంటుంది, మొగుడు పోయిన మనిషి. తెల్లవారి మూడింటికే లేచి పసుపు కుంకాలు సర్దేది ఆమే, పెళ్ళికూతురికి చీర కుచ్చిళ్ళు పోసేది ఆమే. ముహూర్తానికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోతుంది. ఎదురొస్తే అపశకునమని ఎవరన్నా అంటారేమోనని ఆమే వెనక్కి పోతుంది. నీ క్యాండిడ్ ఫోటోల్లో ఆమె ఉంటుందా?

మేనకోడలు: ఉండదు... దూరంగా ఒకటి తీస్తానేమో.

మామ: గుమ్మం పక్కన నీడలో నిలబడిన ఫోటో. చూసేవాళ్ళకు కళ, ఆమెకు అవమానం. నేనేం చేస్తానో తెలుసా? మండపం మీదనుంచి గట్టిగా పిలుస్తా. "పెద్దమ్మా, నువ్వు రాకపోతే ఈ ఫోటో తియ్యను, రా, పిల్ల పక్కన నిలబడు" అంటా. ఇంట్లోవాళ్ళు పిలిస్తే రాదు, పిలిచే ధైర్యం వాళ్ళకూ ఉండదు. ఫోటో ఆయన పిలిచాడంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. నా పనికి ఉన్న అధికారం అది. ఆ అధికారంతో తాళి ఆపినానని నువ్వు తప్పుపడుతుండావు. అదే అధికారంతో ఆమెను పీటల దాకా రప్పించినా. అట్టా వచ్చిన ఒకామె పోయినాక పెద్దకర్మకు దండ వేసింది ఆ ఫోటోలోంచి కత్తిరించిన ముఖానికే. వేరే ఫోటో లేదు ఆ ఇంట్లో.

మేనకోడలు: ఇది నాకు తట్టలేదు మామా.

మామ: గ్రూపు ఫోటో అంటే మీ ఈడు వాళ్ళకు చులకన. వరసగా నిలబెట్టడం, నవ్వమనడం. ఇరవై ఏళ్ళ తర్వాత స్టూడియోకు వచ్చి అడిగేది ఆ ఫోటోనే. "మా నాయన ఉన్న ఫోటో ఉందా అన్నా" అని వస్తారు. పొగలో మెరిసే ఫోటో కావాలని ఒక్కరు రాలేదు.

మేనకోడలు: నేను చులకన చెయ్యడం లేదు. పెళ్ళికూతురి తల్లి దగ్గర కాగితం రాయించుకుంటా. ఎవరెవరు తప్పక ఉండాల, ఎవరు లేవలేరు, ఎవరి దగ్గరికి మనమే పోవాల, అన్నీ.

మామ: ఎవరితో ఎవరికి మాటల్లేవో కూడా అడుగు. అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర తగువు పడి ఉంటారు, నువ్వు తెలవక పక్కపక్కన నిలబెడతావు. ఒక్కోసారి దానివల్ల కలుస్తారు, ఒక్కోసారి మండపం దిగి పోతారు. కొత్తదానివి, ఆ సాహసం చెయ్యొద్దు.

మేనకోడలు: సరే. మరి అప్పగింతలప్పుడు?

మామ: అప్పుడు నేను ఫ్లాషు ఆపేస్తా. పాలపళ్ళెంలో పిల్ల చేతులు ముంచి అత్తగారి చేతిలో పెట్టేది ఒకటి తీస్తా, అంతే. తండ్రి ఏడుస్తుంటే తియ్యను.

మేనకోడలు: ఇదేంది మామా! తాళి ఆపుతావు, ఏడుపు దగ్గర మాత్రం తప్పుకుంటావా? పెళ్ళి మొత్తంలో ఎవరూ కెమెరాను పట్టించుకోనిది అప్పుడే. బతుకంతా గట్టిగా మాట్లాడిన మనిషి కూతురి చెయ్యి వదలలేక నిలబడితే, అది ఆ పిల్ల దాచుకోవాల్సిన ఫోటో.

మామ: ఆ మనిషి నలుగురి ముందు ఏడవడమే కష్టం. దాని మీద నేను వెలుతురు కొట్టాలా?

మేనకోడలు: ఫ్లాషు లేకుండా, దూరంనుంచి తీస్తా. తీసి ఆ కూతురికే ఇస్తా, ఎవరికీ చూపించను.

మామ: ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టవా?

మేనకోడలు: అడగకుండా ఒక్కటి కూడా పెట్టను. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్న వాళ్ళదే. కాపీరైటు చట్టంలో, 1957 చట్టం 17వ సెక్షన్లో ఉండాది ఆ మాట. వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప ఫోటోగ్రాఫరుది కాదు. అందుకే ఒక కాగితం తయారు చేసినా. అడ్వాన్సు ఎంత, ఎన్ని ఫోటోలు, ఆల్బం ఎప్పుడు, ఏవి బయట పెట్టొచ్చు, అన్నీ అందులో ఉండాయి. ఆడవాళ్ళ ఫోటోల దగ్గర ఇంటి మగవాళ్ళు సరేనంటే చాలదు, ఆ మనిషినే అడుగుతా.

మామ: మన పేటలో అది మరీ ముఖ్యం. దర్గా ఊరు. నిఖా ఫోటోలకు పిలిస్తే నేను మగవాళ్ళ వైపే తీస్తా, ఖాజీ ముందు సంతకాలు, పూలసెహ్రా, భోజనాలు. ఆడవాళ్ళ వైపు గడప దాటను, దాటమన్నా దాటను. ఎన్నో ఇళ్ళల్లో పెళ్ళికూతురి ఫోటోలు ఫోనుతో తీసినవే మిగిలినాయి.

మేనకోడలు: హైదరాబాదులో రాజా దీన్ దయాళ్ 1892లోనే ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో పెట్టాడు. లోపల తీసేది కూడా ఆడమనిషే. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన పేటలో ఆ పని చేసేవాళ్ళు లేరు. ఈ పెళ్ళి అయినాక నేను పోతా ఆ ఇళ్ళకు.

మామ: పో. నేను చెయ్యలేని పని అది. కాని మొదటి పెళ్ళి కానియ్యి ముందు. రాత్రికి రాత్రే కార్డులు రెండు చోట్ల ఎక్కించు. ఆల్బం వాళ్ళ చేతికి ఇచ్చేదాకా కార్డు చెరపొద్దు. నెగటివులు కవర్లలో పెట్టి ఇంటిపేర్లు రాసి దాచినా నేను, నీకు కవరు కూడా లేదు.

మేనకోడలు: రెండు హార్డ్‌డిస్కులు కొన్నా. ఒకటి నీ బీరువాలో పెడతా.

మామ: పెట్టు. నేనూ రానా పెళ్ళికి?

మేనకోడలు: వస్తే నువ్వు తాళి దగ్గర "ఆగు బాబూ" అంటావు.

మామ: అంటా. నువ్వు మెడ వెనకనుంచి తీసే ఫోటోలో ఆ పిల్ల ముఖం లేకపోతే ఆ తల్లికి ఎవరు జవాబు చెబుతారు? నేను తప్పు చేస్తుండానని ఇప్పటికీ అనుకోవడం లేదు.

మేనకోడలు: అయితే తాళి అయినాక రా. బయటికి తీసుకుపోయి అరుంధతిని చూపించి వస్తారు కదా. పీటలమీదికి మళ్ళీ వచ్చి కూర్చున్నాక గ్రూపులు మొదలుపెడతా. పేర్లు పిలిచే పని నీది. నాకు ఆ గొంతు లేదు.

మామ: కాగితం చూసి పిలవాలా?

మేనకోడలు: కాగితం చూసి పిలువు. అందులో లేని పెద్దమ్మ ఎవరన్నా వంటింటి దగ్గర ఉంటే కాగితం మడిచిపెట్టి పిలువు.

మామ: తాళి ఫోటో చెడితే?

మేనకోడలు: ఆ ఇంటికి పోయి నేనే చెబుతా. నిన్ను పంపించను.